అమ్మ వాకింగ్ గ్రూపులో చేరితే ధైర్యం వస్తుందా, కబుర్లేనా?

"మా అమ్మకి 53 ఏళ్ళు. నాన్న తోడు లేనిదే గేటు దాటదు. కాలనీ ఆడవాళ్ళంతా కలిసి పొద్దున్నే నడుస్తున్నారట, రమ్మంటున్నారు. చేరితే కాస్త ధైర్యం వస్తుందా, లేక కబుర్లతోనే సరిపోతుందా?" అని అడిగారు కదా. రెండూ ఉంటాయండి. ముందు కబుర్లు వస్తాయి, ధైర్యం ఆ వెనకాల ఎప్పుడో వస్తుంది.

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. నాకిప్పుడు 57. ఆరేళ్ళ కిందట నేనూ అచ్చం మీ అమ్మగారిలాగే ఉండేదాన్ని. డిగ్రీ చదివాను, ఇంట్లో పది మంది పిల్లలకి లెక్కలు చెప్పాను. డబుల్ రోడ్డు దాటాలంటే మాత్రం మావారి మోచెయ్యి పట్టుకోవాల్సిందే. షుగరు బోర్డర్లో ఉంది, నడవమన్నాడు డాక్టరు. మావారు రెండు రోజులు తోడొచ్చి, మూడో రోజు దుప్పటి ముసుగుతన్నారు. కింద వాటా ఆవిడ "మాతో వచ్చేయండి వదినా" అంది.

మొదటి అడ్డంకి రోడ్డు మీద రాలేదు, వంటింట్లోనే వచ్చింది. ఆరింటికి ఆయనకి కాఫీ ఎవరిస్తారు? రాత్రే ఫిల్టర్లో డికాక్షన్ వేసి, పాలగిన్నె స్టవ్ మీద పెట్టి, పక్కనే లైటరు కూడా పెట్టి వెళ్ళేదాన్ని. నెల రోజులు పాలు పొంగించుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు నాకు కూడా ఓ గ్లాసు కలిపి మూతపెట్టి ఉంచుతారు. పంచదార లేకుండా.

రెండోది బూట్లు. చీర మీద బూట్లేసుకుంటే జనం నవ్వుతారని పదిహేను రోజులు హవాయి చెప్పులతోనే నడిచాను, మడమ పట్టేసింది. చివరికి కొన్నాను. మా పనమ్మాయి వాటిని తిప్పి తిప్పి చూసి, "నాను రోజూ అరిలోవ నుంచి నడిసే వత్తన్నాను గదమ్మా, నాకెవులు కొన్నారు బూట్లు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం ఆమెకీ ఒక జత కొన్నాను గానీ, ఆ మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది. మేం పొద్దున్న గంటసేపు ఆరోగ్యం కోసం చేసేది ఆమెకి డ్యూటీకి ముందు పని.

మేం ఏడుగురం. ఐదున్నరకి పాలబూత్ దగ్గర కలుస్తాం, ఐదు నిమిషాలు చూస్తాం, రాకపోతే ఫోన్ చేస్తాం. ఈ ఫోన్ సంగతి చెప్పాలి. ఒకరోజు జ్వరంతో పడుకుంటే నా ఫోన్ మోగింది. "ఏవైంది, ఒంట్లో బాలేదా?" అని. అంతకుముందు ఎవరు ఏం అడగాలన్నా మావారి నంబరుకే చేసేవారు. నా కోసం, నా నంబరుకి, నేను రాలేదని ఫోన్ రావడం పెళ్ళయ్యాక అదే మొదలేమో.

గ్రూపులో రిటైరైన టీచరుగారు ఒకావిడ ఉన్నారు. రోడ్డు దాటడం నాకు నేర్పింది ఆవిడే. "చెయ్యి చూపించు, బండివాడి మొహంలోకి చూడు, మధ్యలో పరిగెత్తకు" అనేవారు. ఒకరోజు కావాలనే అందర్నీ తీసుకుని ముందే దాటేసి, అవతల నిలబడి నాకేసి చూస్తూ ఉండిపోయారు. నేను ఇవతల ఒక్కదాన్నే. ఆర్టీసీ బస్సు పోయింది, రెండు ఆటోలు పోయాయి, స్కూటర్ పోయింది. ఆరుగురూ అవతల చేతులు కట్టుకుని నిలబడ్డారు తప్ప ఒక్కరూ రాలేదు. తిట్టుకుంటూనే దాటాను. ఆ వారం ఆవిడతో మాట్లాడలేదు కూడా.

ఇంకోసారి రైతుబజారు నుంచి వస్తుంటే ఏటీఎం కనిపించింది. కార్డు నా పేరు మీదే ఉంది గానీ, ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది, పిన్ నాకు తెలీదు. ఇంటికెళ్ళి అడిగి కాగితం మీద రాసుకొచ్చాను. మర్నాడు లోపలికి నలుగురం వెళ్ళాం. నేను నంబరు నొక్కేటప్పుడు ముగ్గురూ నాకు వీపు పెట్టి రోడ్డుకేసి తిరిగి నిలబడ్డారు, "మాక్కూడా కనబడకూడదు" అని. 500 వచ్చింది. కాగితం అక్కడే ముక్కలు ముక్కలు చేయించారు.

మీ అమ్మగారి విషయంలో అసలు చూడాల్సింది ఇక్కడే. ధైర్యంగా ఉండమని నాకు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, దానివల్ల ఒరిగిందేం లేదు. నడక తర్వాత తిరుగుదారిలో కూరలు, బ్యాంకు, కరెంటు బిల్లు అంటూ ఏదో ఒక పని తగిలేది. పక్కన మనుషులుండగా ఒకసారి చేసింది రెండోసారి ఒక్కదాన్నే చేసుకోగలిగాను. నడిచి తిన్నగా ఇంటికొచ్చేసే గ్రూపైతే షుగరు తగ్గుతుందేమో గానీ, గేటు భయం పోదు.

ఇక సింహాచలం గిరిప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు తొలిపావంచా దగ్గర, అంటే కొండ కింద మొదటి మెట్టు దగ్గర, కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలి. చేరిన రెండో ఏడు బయల్దేరాం. అడవివరం, హనుమంతవాక దాటి అప్పుఘర్ వచ్చేసరికి నా కుడి మోకాలు మొరాయించింది. దారిపొడుగునా మజ్జిగ, పులిహోర ఇస్తూనే ఉన్నారు, తిన్నాను, కూర్చున్నాను, లేచాను, లాభం లేదు. ప్రదక్షిణ మా ఎంవీపీ కాలనీ మీదుగానే వెళ్తుంది కాబట్టి డబుల్ రోడ్డు దగ్గర వాళ్ళని పొమ్మని, సందులోకి తిరిగాను. రాత్రి తొమ్మిదిన్నర. నా తాళంతో తలుపు తీసుకుని లోపలికెళ్తే మావారు టీవీ ముందు నుంచి లేచి గేటు దాకా వెళ్ళి చూశారు. "ఎవరు దింపారు?"

"ఎవరూ దింపలేదు. నడిచొచ్చాను."

ఆయన కాసేపు అక్కడే నిలబడి, మోకాలికి వేణ్ణీళ్ళు కాస్తానన్నారు. మరుసటేడు 32 పూర్తి చేశాను.

చిక్కులూ చెప్తాను. పొద్దున్నే బాత్రూమ్ దొరకదు. ఈ వయసులో అది చిన్న సంగతి కాదు, బయట కట్టినవి ఆ టైముకి తాళాలేసి ఉంటాయి. గుడి దగ్గరో, ఎవరైనా మెంబరు ఇంటి దగ్గరో ఆగేలా దారి పెట్టుకోండి. మెళ్ళో బంగారం తీసేసి పసుపుతాడుతో వెళ్ళమనండి. కుక్కలుంటాయి. మనుషుల చిక్కులూ ఉంటాయి. మా గ్రూపులో ఒకరు చీటీలు మొదలుపెట్టారు, ఆరు నెలలు మాటల్లేకుండా పోయాయి. అప్పట్నుంచి నడకలో డబ్బు మాట ఎత్తం. కోడళ్ళ మీద కంప్లైంట్లకి మాత్రం నిషేధం పెట్టలేకపోయాం.

పదివేల అడుగుల లెక్క పెట్టుకోవద్దు. 1965లో జపాన్లో అడుగులు లెక్కపెట్టే మీటరుకి పెట్టిన పేరది, అమ్మకం కోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. రోజూ అరగంట, వారానికి ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది.

మీరు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. స్కూటీ మీద దింపి రావద్దు. ఎక్కడున్నావని మధ్యలో ఫోన్ చేయొద్దు. ఇంటి తాళాల్లో ఒక సెట్టు ఆవిడకే ఇవ్వండి. మొదటి పదిహేను రోజులు ఏదో ఒక వంకతో మానేస్తానంటారు, వాదించకండి. మర్నాడు గ్రూపువాళ్ళే ఫోన్ చేస్తారు. నాన్నగారికి కాఫీ పెట్టడం ఈలోపు మీరు నేర్పండి.

బూట్లు కూడా మీరు కొని తేవద్దు. ఆవిడనే వెళ్ళమనండి, అదీ సాయంత్రం పూట. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, సైజు సరిగ్గా తెలుస్తుంది.