దూది పెట్టుకుంటే సరిపోద్దా?

ప్రశ్న: అన్నా, మాది చీమకుర్తి పక్కన పల్లె. ముందు క్వారీలో జాక్ హ్యామర్ కొట్టా, ఇప్పుడు నాలుగేళ్ల నుంచి గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద చేస్తన్నా. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక రెండు చెవుల్లో కుయ్యిమని ఒకటే మోత, పడుకుంటే ఇంకా ఎక్కువైద్ది. టీవీ సౌండ్ తగ్గించమని మా ఆవిడ రోజూ గొడవ. ఫ్యాక్టరీలో పసుపురంగు స్పాంజి ప్లగ్గులు ఇచ్చారు గానీ పెట్టుకున్నా పెద్ద తేడా ఏం లేదు, జారి కిందపడతన్నయ్యి. మా మేస్త్రీ ఏమో దూది పెట్టుకోరా, నేను 20 ఏళ్ల నుంచి అంతే, మోత అలవాటైపోద్ది అంటన్నాడు. నిజమేనా?
— పేరు వెయ్యొద్దన్నా, చీమకుర్తి

జవాబు: తమ్ముడూ, రేపు టీ టైములో మిషన్లు ఆపినప్పుడు మీ మేస్త్రీ వెనకాల నిలబడి మామూలు గొంతుతో ఒకసారి పిలిచి చూడు. తిరిగి చూడకపోతే అలవాటైపోవడం అంటే ఏందో నీకే తెలుస్తది. లోపలి చెవిలో శబ్దం పట్టే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటయ్యి, పుట్టుకతో చెవికి ఒక 15 వేలు, రోజూ ఆ మోతలో ఉంటే అవి చచ్చిపోతయ్యి, పోయినవి మళ్లీ మొలవవు, మందూ లేదు ఆపరేషనూ లేదు. ముందు కీచుగొంతు శబ్దాలు పోతయ్యి, అంటే పిల్లల మాటలు, స, శ లాంటి అక్షరాలు. అందుకే మనిషి మాట్లాడతన్నట్టు వినపడద్ది, ఏమన్నాడో మాత్రం అర్థం కాదు, అందరూ గొణుగుతన్నారని మనం వాళ్ల మీద ఇసుక్కుంటాం.

దూది సంగతి వదిలెయ్. అది దుమ్ముని ఆపుద్దేమో గానీ మోతని పెద్దగా ఆపదు.

నీ ప్లగ్గులు పనికిరానివి కాదు, నువ్వు పెట్టుకునే పద్ధతి తేడా. ముందు చేతులు కడుక్కో, ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మీ పనిలో వేళ్లకి ఎప్పుడూ ఆ బూడిదరంగు స్లర్రీ (రాతిపొడి కలిసిన బురద) అంటుకోనుంటది, ఆ గరుకు చెవిలోకి పోతే పుండు పడద్ది, ఇక ప్లగ్ జోలికే పోవు. తర్వాత ప్లగ్గుని రెండు వేళ్ల మధ్య బీడీ చుట్టినట్టు సన్నగా, మడత పడకుండా నలుపు. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగం పట్టుకుని పైకీ వెనక్కీ లాగు, అప్పుడు దారి తిన్నగా అయిద్ది. ప్లగ్ లోపలికి తోసి వేలుతో అదిమి పట్టుకుని 30 లెక్కపెట్టు. అది లోపల ఉబ్బి బిగుసుకుంటది. మనోళ్లు ఈ లెక్క దగ్గరే మోసం చేస్తారు, రెండు సెకన్లలో వేలు తీసేస్తారు, సగం బయటకే ఉంటది, మరి జారక ఏం జేస్తది? సరిగ్గా కూర్చుంటే నీ గొంతు నీకే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంటది. పైనుంచి అరచేతులతో చెవులు మూసి చూడు, అప్పుడు కూడా మోత పెద్దగా తగ్గలేదంటే బాగా పడ్డట్టే.

ఇంకో మాట. సెల్లు మోగిందని, ఎవరో పిలిచారని మోతలోనే తీసేస్తంటారు చూడు, దాంతోనే అంతా పోద్ది. 8 గంటల డ్యూటీలో మిషన్ పక్కన అరగంట తీసినా 30 డెసిబెల్స్ (మోతని కొలిచే లెక్క) ఆపే ప్లగ్ 12 ఆపినదానితో సమానం. మోత 3 డెసిబెల్స్ పెరిగితే చెవి తట్టుకునే టైము సగానికి పడిపోద్ది, 85 దగ్గర 8 గంటలైతే 88కి 4 గంటలు, 100కి వచ్చేసరికి పావుగంట. మన దేశం రూల్ 8 గంటలకి 90 దాకా ఒప్పుకుంటది, నన్నడిగితే అది ఎక్కువే. మీటరు లేకపోయినా చేయి చాచినంత దూరంలో ఉన్నోడితో అరిచి మాట్లాడాల్సొస్తే 85 దాటినట్టే లెక్కేసుకో.

అసలు మోత మిషన్ దగ్గరే తగ్గించాలి, కార్మికుడి చెవిలో స్పాంజి కుక్కి చేతులు దులుపుకోవడం కాదు. కోత బ్లేడుల్లో సైలెంట్ బ్లేడ్ అని దొరుకుద్ది, ఈల తగ్గుద్ది, రేటు ఎక్కువని ఓనర్లు కొనరు, అయినా నలుగురూ కలిసి అడగండి.

నువ్వు ఒంగోలు రిమ్స్‌లో ఈఎన్టీకి చూపించుకుని ఆడియోమెట్రీ (వినికిడి టెస్టు) చేయించుకో, వీక్లీ ఆఫ్ మర్నాడు పొద్దున్నే డ్యూటీకి పోకముందు అయితే లెక్క సరిగ్గా వస్తది. చార్టులో 4000 హెర్ట్జ్, అంటే కీచు శబ్దాల దగ్గర గుంట పడిందంటే అది మోత పనే అయ్యుంటది. ఆ కాగితం దాచుకో. మోత వల్ల వచ్చే చెవుడు చట్టంలో రాసిన వృత్తి జబ్బుల లిస్టులోనే ఉంది, జీతంలో ఈఎస్ఐ పట్టుకుంటన్నారంటే అక్కడ కూడా వృత్తి జబ్బు కిందకే వస్తది.

ప్రశ్న: మా నాన్న నెల్లూరులో రైస్ మిల్లు ఆపరేటర్. ప్లగ్ పెట్టుకుంటే బేరింగ్ సౌండ్ మారింది తెలీదు, మిల్లు పాడైపోద్ది అంటాడు. ఏం చెప్పాలి సార్?
— ఒక కూతురు, నెల్లూరు

జవాబు: మీ నాన్న భయం ఉత్తదేం కాదమ్మా, మంచి ఆపరేటరు మిల్లుని చెవితోనే చూస్తాడు. కానీ ప్లగ్ పెడితే మిల్లు మోత, బేరింగ్ అరుపు రెండూ తగ్గుతయ్యి గదా, తేడా చాలావరకు మిగులుద్ది, కాకపోతే కొత్తలో సౌండ్ వేరేగా ఉంటది, ఒక వారం ఓపిక పట్టాలి. మరీ ఎక్కువ ఆపేది కాకుండా కొంచెం తక్కువ రకం కొనండి. ఇప్పటికే వినికిడి తగ్గుంటే మాత్రం ముందు టెస్టు చేయించాకే ఏ ప్లగ్ అనేది చూడండి. ఈలోపు బేరింగ్ మీద చెయ్యి పెట్టి వేడి చూసుకోమనండి, ఆయనకి అది నేను చెప్పక్కర్లేదనుకుంటా.