తివాచీ అడుగున చెయ్యి పెట్టి చూడు

అమ్మలూ,

నిన్న నీ ఫోను వచ్చినప్పటి నుంచి ఆ తివాచీ నా కళ్ల ముందే ఉంది. "ఉతికి రెండు రోజులయింది బాబాయ్, పైన పొడిగానే ఉంది, కానీ గదిలోకి రాగానే ఏదో వాసన" అన్నావు. నువ్వు ఆఫీసు తొందరలో ఉన్నావని సగం చెప్పి సగం మింగాను. ముప్పై ఏళ్లు తివాచీలు ఉతికి ఆరబెట్టిన చేతులివి. ఆ మింగిన సగం రాస్తే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు ఈ ఉత్తరం పక్కన పెట్టి, తివాచీ ఒక మూల ఎత్తి, అడుగున అరచెయ్యి ఆనించు. చల్లగా తగిలిందా? అయితే అది ఆరలేదు. నీరు ఆవిరవుతున్నంత సేపూ గుడ్డ చల్లగానే ఉంటుంది. అలాగని చేతికి పొడిగా తగిలితే ఆరిపోయిందని కూడా నమ్మకు. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపల దాచుకుని, పైకి ఏమీ ఎరగనట్లు ఉండగలదు. నీ తివాచీకి పైన ఊలు, అడుగున నూలు అల్లిక. పైపోగులకు ఫ్యాను గాలి తగిలి ఆరాయి. అడుగు నేలకు అతుక్కుని ఉంది, దానికి గాలి ఎక్కడిది?

ఇక ఆ వాసన సంగతి. తడి ఊలుకు తనదైన వాసన ఒకటి ఉంటుంది, వానలో తడిసిన గొర్రె దగ్గర నిలబడ్డట్లు. దానికి కంగారు పడనక్కర్లేదు, ఆరితే పోతుంది. అలా కాక మూలన రెండు రోజులు ముద్దగా పడి ఉన్న తడి తువ్వాలులా ముక్కిన వాసన వస్తుంటే మాత్రం బూజు మొదలవుతోందన్న మాట. తడి కదలకుండా ఉంటే బూజుకు 24 నుంచి 48 గంటలు చాలు. అడుగున నల్లని చుక్కలు ఉన్నాయేమో వెలుతురులో చూడు. లేకపోతే తివాచీని తిరగేసి అడుగు పైకి వచ్చేలా పరిచి ఫ్యాను పెట్టు, చాలు. చుక్కలుంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని, దాన్ని ఇంటి బయటకు తీసుకెళ్లి, పూర్తిగా ఆరాక అక్కడే దులిపి, మళ్లీ ఉతకాల్సిందే. అత్తరు చల్లి మూసెయ్యడం మాత్రం వద్దు. తినే సోడా కూడా ఆరిన తివాచీ మీదే పనికొస్తుంది, తడి మీద చల్లితే పిండిముద్దయి పోగుల్లో గట్టిపడుతుంది.

అసలు పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పనా? ఆరబెట్టడంలో కాదు, అంతకు ముందే. నీళ్లు ఓడుతున్న తివాచీని అలాగే పరిచి ఫ్యాను వేశావు. ఆరబెట్టడం అంటే అందరికీ ఎండా గాలీ గుర్తొస్తాయి. నన్నడిగితే సగానికి పైగా పని అవి రాకముందే అయిపోవాలి. ఒక లీటరు నీటిని గాలికి వదిలి ఆవిరి చేయడానికి గంటలు పడుతుంది, అదే లీటరును వైపరుతో తోసెయ్యడానికి అరనిమిషం పట్టదు. అందుకే ఉతకగానే తివాచీని కాస్త వాలుగా ఉన్న గచ్చు మీద పరిచి, పోగులు ఏ వైపుకు వాలి ఉంటాయో చూసి, ఆ వైపుకే రబ్బరు వైపరు గట్టిగా అదిమి లాగాలి. ఎదురు లాగితే పోగులు లేచి నిలబడతాయి, ఆరాక కోడి ఈకలు నిక్కబొడుచుకున్నట్లు కనిపిస్తాయి. నీళ్లు రావడం ఆగిపోయాక కూడా ఇంకో నాలుగు సార్లు లాగు, ఎక్కడి నుంచో ఇంకొంచెం వస్తుంది. ఆ తర్వాత పాత తువ్వాళ్లు పరిచి, మీద చెప్పుల్లేని కాళ్లతో నడువు. తువ్వాలు తడవగానే పిండి మళ్లీ వెయ్యి. కొత్త తువ్వాలు వేసి తొక్కినా అది పొడిగా ఉండేదాకా ఫ్యాను జోలికి పోకు. మెలిపెట్టి పిండడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు, అడుగు అల్లిక వంకర పోతుంది.

నీళ్లు పీల్చే వాక్యూమ్ క్లీనర్ ఉంటే ఈ తువ్వాళ్ల తంటా తగ్గుతుంది. అయితే దుమ్ము లాగే మామూలు యంత్రాన్ని తడి మీద పెట్టకు, మోటారు పాడవడం ఒకటైతే షాకు కొట్టే ప్రమాదం ఇంకొకటి.

ఎండ గురించి నువ్వు అడిగావు. నేను నీడపట్టునే నమ్ముతాను. మండే ఎండలో రోజంతా వేస్తే రంగులు వెలుస్తాయి, అడుగున రబ్బరు పూత ఉన్న రకాలకు ఆ పూత పెళుసెక్కి పొడిగా రాలుతుంది. ఎండ తప్పకపోతే అడుగు పైకి పెట్టి, పొద్దుటి ఎండలో కాసేపు ఉంచు. దండెం మీద మాత్రం వెయ్యకు. ఈ పనిలో కొత్తగా చేరిన రోజుల్లో నేనే ఒక ఎర్ర తివాచీని సన్నని తాడు మీద నడుమకు వేలాడదీశాను. తడి బరువుకు తాడు మధ్యకు దిగిపోయింది. మడత దగ్గర అల్లిక సాగి, ఆరాక కూడా వెన్నెముకలా ఉబ్బెత్తు గీత ఉండిపోయింది. దానికి తోడు పై నుంచి కారిన ఎర్రనీళ్లన్నీ కింది తెల్ల కుచ్చుల్లోకి చేరాయి. ఒక్కో కుచ్చు చివర కుంకుమలో ముంచి తీసినట్లుంది. ఆ యజమానురాలు ఏమీ అనలేదు, కుచ్చుల వైపు చూసి నా వైపు చూసింది, అంతే. అప్పటి నుంచి వేలాడదీయాల్సి వస్తే పిట్టగోడ లాంటి వెడల్పైన దాని మీద ప్లాస్టిక్ పట్టా వేసి దాని మీదే వేస్తాను, లేదా జానెడు ఎడంగా ఉన్న రెండు కడ్డీల మీద. రెండు మూడు గంటలకోసారి మడత జరుపుతాను.

ఇంట్లోనే ఆరబెట్టాలంటే తివాచీని నేల నుంచి లేపడం ముఖ్యం. నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు తిరగేసి పెట్టినా, పాత బుట్టలు బోర్లించినా సరే, అడుగున గాలి దూరితే చాలు. ఫ్యానును తివాచీ మీదికి నిలువుగా కొట్టేలా కాక నేలకు దగ్గరగా పెట్టి, గాలి పైపైన పాకి అవతలికి పోయేలా చూడు. కుదిరితే రెండో ఫ్యాను గాలి తివాచీ కిందుగా పోయేలా పెట్టు. తలుపులన్నీ మూసి ఫ్యాను వేస్తే తడిగాలే గది చుట్టూ తిరుగుతుంది. ఎదురెదురు కిటికీలు తెరువు. వాన పడుతున్నప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. బయటి గాలే లోపలి కన్నా చెమ్మగా ఉంటుంది కాబట్టి కిటికీలు మూసి, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టు. తేమ చూపించే చిన్న గడియారం లాంటిది దొరుకుతుంది. అందులో అంకె 60 శాతం దాటకుండా ఉండాలి, 50కి దిగితే ఇంకా మంచిది. వానాకాలంలో ఉతకకుండా ఉండటమే నా అసలు సలహా అనుకో, కానీ పిల్లలు పాలు ఒలకబోసేది పంచాంగం చూసి కాదు.

త్వరగా ఆరాలని హెయిర్ డ్రయ్యరు, ఇస్త్రీపెట్టె లాంటివి తీయకు. కృత్రిమ పోగుల్లో పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఊలు వేడికి బిగుసుకుంటుంది. పట్టులా మెరిసే విస్కోస్ రకాలను అసలు ఇంట్లో తడపకు, ఆరాక పసుపుపచ్చగా, చీపురులా గరుకుగా తయారవుతాయి.

ఇంకో సంగతి. ఉతికినప్పుడు పోయిన మరక ఆరాక మళ్లీ పైకి తేలుతుంది, అప్పుడు అందరూ సబ్బును తిడతారు. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్లే పోగులు అడుగున ఉన్న మురికినీటిని కొసల దాకా లాగుతాయి. నీరు ఎగిరిపోతుంది, మురికి కొసన మిగులుతుంది. అడుగున జనపనార ఉన్న తివాచీల్లో గోధుమ రంగు తేలేదీ ఇందుకే. మరక ఉన్న చోట ఆరేటప్పుడే తెల్లని నూలు గుడ్డ మడిచి పెట్టి, మీద బరువైన పుస్తకం ఉంచు. మురికి గుడ్డలోకి ఎక్కుతుంది. పుస్తకానికి ముందు ప్లాస్టిక్ కవరు తొడుగు, నాలాగా పుస్తకం పాడు చేసుకోకు.

పల్చని కృత్రిమ తివాచీ అయితే రాత్రికి రాత్రే ఆరుతుంది. నీ దానిలాంటి దట్టమైన ఊలుకు రెండు రోజులు, చెమ్మగా ఉంటే మూడు. ఆరిందో లేదో తేల్చుకోవడానికి రాత్రి పడుకునే ముందు అరమీటరు పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను దాని మీద పరిచి, అంచులకు బరువులు పెట్టు. పొద్దున లోపలి వైపు ఆవిరి పట్టి ఉంటే ఇంకా ఆరాల్సి ఉంది. అడుగు వైపు కూడా ఇలాగే చూడు.

సోఫాను తొందరపడి వెనక్కి జరపకు. తడి తివాచీ మీద చెక్క కాళ్లు రంగు దింపుతాయి, ఇనుప కాళ్లు తుప్పు గుండ్రాలు వేస్తాయి, ఆ గుండ్రాలు నా తరం కూడా కాదు. తప్పనిసరైతే కాళ్ల కింద ప్లాస్టిక్ ముక్కలు పెట్టు.

ఈ రాత్రికి అడుగు పైకి వేసి పడుకో. రేపు లేవగానే ప్లాస్టిక్ ముక్క ఎలా ఉందో ఫోను చేసి చెప్పు. ఆరు గంటలకే లేచి ఉంటాను.

ఆశీస్సులతో,
మీ బాబాయ్