గోడ మీద మరక, దాని మీద ఫొటో

ప్రశ్న: మావారు కాలేజీ రోజుల్లో కొనుక్కున్న క్యాసెట్‌లో టెన్ సీసీ బృందం పాడిన ‘అయామ్ నాట్ ఇన్ లవ్’ అనే ఇంగ్లిషు పాట ఉంది. ప్రేమ లేదని పల్లవిలోనే చెప్పే పాటకు ప్రేమగీతమని పేరెలా వచ్చింది? వెనుక వినిపించే ‘ఆ’కారం ఏ వాద్యానిది? మధ్యలో గుసగుసలాడే స్త్రీ ఎవరు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీవారి మీద అనుమానం పెట్టుకోకండి, ఆ పాట పుట్టిందే ఒక ఇల్లాలి ఫిర్యాదు నుంచి. ప్రేమిస్తున్నానని తనతో తరచుగా ఎందుకు చెప్పరని ఆ బృందంలోని ఎరిక్ స్టీవర్ట్‌ను ఆయన భార్య అడిగారు. అదే పనిగా అంటూ ఉంటే ఆ మాటకు విలువ పోతుందని తలచిన స్టీవర్ట్, ప్రేమ లేదని బుకాయిస్తూ, బుకాయించిన కొద్దీ దొరికిపోయే మనిషిని పాటలో నిలబెట్టారు. నీ ఫొటో తగిలించింది గోడ మీది మరక కనబడకుండా ఉండేందుకేనని అతడు చెప్పే సాకు చూడండి. మరక కప్పడానికి క్యాలెండర్ చాలదా?

బృందంలోని గ్రాహం గౌల్డ్‌మన్‌తో కలిసి స్టీవర్ట్ కట్టిన ఈ పాట మొదట బోసా నోవా అనే బ్రెజిల్ సంగీతపు నడకలో ఉండేది. అది బృందంలోని మిగతా ఇద్దరికీ, అంటే కెవిన్ గాడ్లీ, లోల్ క్రీమ్‌లకు, నచ్చకపోవడంతో ఆ టేపును చెరిపేశారు. అయితే స్టూడియో సిబ్బంది ఆ వరసనే కూనిరాగం తీస్తూ తిరగడం స్టీవర్ట్ గమనించారు. అప్పుడు గాడ్లీ, వాద్యాలకు బదులు గొంతులతోనే పాట నింపుదామని సూచించారు.

మీరు వాద్యమనుకున్నది అదే. మాంచెస్టర్ దగ్గరి స్టాక్‌పోర్ట్‌లో, స్ట్రాబెర్రీ స్టూడియోలో, మూడు వారాల పాటు ముగ్గురు గాయకులు ఒక్కొక్క స్వరస్థానాన్ని 16 సార్లు పాడగా, స్వరానికి 48 గొంతుల చొప్పున పోగయ్యాయి. మన వరంగల్ కొత్తవాడలో షత్రంజీ జంపఖానాలు నేసేవారు పేక మీద పేక దట్టించినట్లు గొంతు మీద గొంతు పేర్చారన్నమాట. వాటిని టేపు చుట్లుగా అతికించి ఆగకుండా తిప్పుతూ, మిక్సింగ్ బల్ల మీద ధ్వనిని హెచ్చించి తగ్గించే మీటలను హార్మోనియం మెట్లలా వాడుకున్నారు.

ఆ గుసగుస స్టూడియో కార్యదర్శి క్యాథీ రెడ్‌ఫర్న్‌ది. ఫోన్ వచ్చిందని చెప్పడానికి తలుపు తీసి, రికార్డింగ్‌కు అడ్డు రాకూడదని ఆమె మెల్లగా పలికిన తీరు విని, తమకు కావలసింది ఆ గొంతేనని లోల్ క్రీమ్ ఎగిరి గంతేశారు. మగపిల్లలు ఏడవకూడదన్న ఆ చిన్న మాట ఆమె చేత చెప్పించారు.

1975లో ఈ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి, అమెరికాలో రెండో స్థానానికి చేరింది. ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి: మీటలు పూర్తిగా కిందికి దిగకుండా వాటి అడుగున టేపు ముక్క అంటించారు కాబట్టి, పాట నెమ్మదించిన చోట కూడా ఆ గొంతుల సన్నని జీర వినిపిస్తూనే ఉంటుంది.