సైకిల్ టైరుకు అప్పా? ముందు అత్యవసర నిధి సంగతి చూడండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడ భవానీపురంలో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 46,000 రూపాయలు వస్తుంది. భార్య, ఐదేళ్ల పాప, అమ్మ నా సంపాదన మీదే ఆధారపడి ఉన్నారు. ఇంటి ఖర్చు 34,000. మ్యూచువల్ ఫండ్ ఎస్‌ఐపీకి 5,000, లక్ష రూపాయల చీటీకి దాదాపు 5,000, క్రెడిట్ కార్డుకు 2,000 కడుతున్నాను. కార్డులో ఇంకా 28,000 బాకీ ఉంది. చీటీలో 20 నెలలకు 15 అయిపోయాయి, ఇంకా పాడలేదు. బ్యాంకు ఖాతాలో 3,200 ఉన్నాయి. రెండేళ్లుగా రోడ్ బైక్ తొక్కుతున్నాను. పోయిన ఆదివారం తెల్లవారుజామున బ్యారేజీ దాటి కరకట్ట మీద వెళ్తుంటే గాజుపెంకు కోసి వెనక టైరు పక్కన చినిగింది. ఒక దుకాణంలో లోపల ముక్క అతికిస్తామని 150 అడిగారు. ఇంకో చోట రెండు టైర్లూ ట్యూబులూ మార్చాలని 7,600 చెప్పారు. తోటి సైక్లిస్టు మాత్రం ఎలాగూ మారుస్తున్నావు కదా, ట్యూబ్‌లెస్ చక్రాలే వేయించుకో, 32,000 అవుతుంది అంటున్నాడు. ఒక లోన్ యాప్ నెలకు ఒకటిన్నర శాతం వడ్డీకి 35,000 వెంటనే ఇస్తానంటోంది. బాగు చేయించాలా, మార్చాలా, అప్పు తీసుకోవచ్చా?

జవాబు: టైరు మార్చండి. ఒక్కటి చాలు. ఆ యాప్ మీ ఫోనులో ఇంకా ఉంటే ముందు దాన్ని తీసేయండి.

టైరు సంగతి మొదట తేల్చేద్దాం, ఎందుకంటే అది ప్రాణంతో ముడిపడింది. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. చినుగు చిన్నదే, చిటికెన వేలి గోరంత కూడా లేదు. అయితే అది రోడ్డుకు ఆనే మందపాటి రబ్బరు మీద పడలేదు, పక్కనున్న పల్చటి గోడ మీద పడింది. రబ్బరు పెదవుల్లా విచ్చుకుని లోపలి దారపు పోగులు కొసలు తెగి బయటికి కనిపిస్తున్నాయి. టైరుకు బలమంతా ఆ పోగులదే. స్కూటర్ టైరులో గాలి 30 పీఎస్‌ఐ అటూఇటూగా ఉంటుంది, మీ సన్న టైరులో 80 నుంచి 100 దాకా కొడతారు. అంత ఒత్తిడికి ట్యూబు ఆ సందులోంచి బుడగలా ఉబికి వచ్చి పగులుతుంది. అది ఎప్పుడు, ఎక్కడ పగులుతుందో చెప్పలేం. కనకదుర్గ ఫ్లైఓవర్ దిగుతూ లారీ పక్కన ఉన్నప్పుడు పగిలితే ఏమవుతుందో ఆలోచించండి.

లోపల ముక్క వేయడం దారిలో చిక్కుకున్నవాళ్లు ఇల్లు చేరడానికి చేసే ఏర్పాటు. పది రూపాయల నోటు మడతపెట్టి చినుగు వెనక దోపి, గాలి తగ్గించి మెల్లగా ఇంటికి వచ్చేవాళ్లు ఉన్నారు. దాన్నే నెలల తరబడి నమ్ముకుని తిరగకూడదు. అదే పెంకు మధ్య రబ్బరులో దిగి, పోగులు తెగకుండా ఉండి ఉంటే పెంకు తీసేసి ట్యూబుకు పంక్చరు వేయించుకోండి, టైరు జోలికి పోవద్దు అని చెప్పేవాణ్ని.

రెండూ మార్చాల్సిన పని కూడా లేదు. మీ ముందు టైరు ఫొటోలో పగుళ్లు లేవు, అరుగుదల సమంగా ఉంది. బరువు ఎక్కువగా వెనక చక్రం మీద పడుతుంది కాబట్టి వెనకదే ముందు అరుగుతుంది, రెండూ కలిసి మారాలన్న లెక్క ఏమీ లేదు. మీరు పంపిన ధరల చీటీలో మడతపెట్టగలిగే టైరు 3,300 అని ఉంది, దాని కిందే తీగ అంచు ఉన్న రకం 1,450 అని కూడా ఉంది. ట్యూబు 450. ఆ తీగ అంచుదే తీసుకోండి, మొత్తం 1,900 అవుతుంది. పాత టైరు మీద అచ్చయిన 25-622 అన్న అంకె చూసి అదే కొలత అడగండి. కొత్తది ముందు చక్రానికి వేయించి, ఇప్పుడు ముందున్నదాన్ని వెనక్కి మార్పించండి. వెనక టైరు పగిలితే చాలావరకు నిలదొక్కుకుని ఆగవచ్చు. ముందుది పగిలితే హ్యాండిల్ చేతిలో ఉండదు. ట్యూబ్‌లెస్ చక్రాలు మంచివే, మీ దగ్గర మిగులు డబ్బు ఉన్న సంవత్సరం వాటి గురించి మాట్లాడుకుందాం.

ఇక ఈ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం చెబుతాను. ‘ఎలాగూ మారుస్తున్నాం కదా’ అన్న మాట వల్ల మునిగిన కుటుంబాలను నేను చాలా చూశాను. మోటారు కాలిపోయిందని ప్లంబరును పిలుస్తారు, ఎలాగూ గోడ పగలగొట్టాం కదా అని స్నానాల గది మొత్తం మార్పిస్తారు. ఎనిమిది వేల పని ఎనభై వేలకు చేరుతుంది, ఆ తేడా అంతా అప్పు. మీ విషయంలో 1,900 రూపాయల అవసరం 35,000 రూపాయల అప్పుగా మారబోయింది.

ఆ అప్పు ఎంతకు వస్తోందో లెక్క వేశారా? మీరు పంపిన తెరపటం ప్రకారం 35,000 అప్పులో ప్రాసెసింగ్ ఫీజు, పన్ను, బీమా పేరుతో 2,500 ముందే కోసుకుని చేతికి 32,500 ఇస్తారు. నెలకు 3,442 చొప్పున 12 నెలలు కట్టాలి. అంటే మొత్తం 41,304. ఒకటిన్నర శాతం అన్నది మొదటి రోజు అసలు మీద ఏడాది పొడవునా వేసిన వడ్డీ. మీరు సగం అప్పు తీర్చేశాక కూడా పూర్తి 35,000 మీదే వడ్డీ కడుతుంటారు. చేతికి వచ్చిన డబ్బు మీద సరిగా లెక్కేస్తే నూటికి నెలకు దాదాపు నాలుగు రూపాయల వడ్డీ పడుతుంది. వీధిలో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అంటే మీ అమ్మగారు తలుపు వేసేస్తారు. అదే వడ్డీ ఫోనులో రంగు బొత్తాం మీద కనిపిస్తే మనం నొక్కడానికి సిద్ధమవుతున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అప్పు మొత్తం ఖర్చును వార్షిక శాతంలో చూపే కీలక వివరాల పత్రం ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022 లోనే డిజిటల్ రుణాలకు నిబంధన పెట్టింది. ఫోనులోని కాంటాక్టుల జాబితా జోలికి వెళ్లకూడదని కూడా చెప్పింది. మీరు పంపిన చిత్రాల్లో ఆ పత్రం లేదు, కాంటాక్టులకు అనుమతి అడుగుతున్న తెర మాత్రం ఉంది. ఇంకేం చూడాలి?

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన అంకె 3,200. నలుగురున్న ఇల్లు, ఒక్కరి సంపాదన, నెలకు 34,000 ఖర్చు. ఖాతాలో ఉన్నది మూడు రోజుల ఇంటి ఖర్చుకు కూడా సరిగ్గా చాలని డబ్బు. ఈసారి తెగింది టైరు కాబట్టి సరిపోయింది. అమ్మగారికి ఒక రాత్రి ఆయాసం వస్తే? మీ కంపెనీ జీతాలు రెండు నెలలు ఆపితే?

2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లతో సింగ్‌నగర్ మునిగినప్పుడు మీరు భవానీపురంలోనే ఉండి ఉంటారు. ఆ నెలలో నా దగ్గరికి ఒకే వీధి నుంచి రెండు కుటుంబాలు వచ్చాయి. ఇద్దరివీ దాదాపు ఒకే జీతాలు, ఇద్దరి ఇళ్లలోనూ నడుము లోతు నీళ్లు. మొదటి ఇంటాయన దగ్గర లక్షా పదివేలు విడిగా ఉన్నాయి. ఫ్రిజ్ పోయింది, పరుపులు పోయాయి, స్కూటర్ ఇంజను విప్పించాల్సి వచ్చింది. దసరా నాటికి ఇల్లు మళ్లీ ఇల్లులా అయింది, ఒక్క రూపాయి అప్పు చేయలేదు. రెండో ఇంటాయన పెట్టుబడులు మొదటాయనకన్నా ఎక్కువే, చేతిలో మాత్రం ఏమీ లేదు. మూడు యాప్‌ల నుంచి తీసుకున్నారు. ఒకదాని వాయిదా కట్టడానికి ఇంకొకటి. ఆయన భార్య నా ఎదుట కూర్చుని ఒక నోటుపుస్తకం తెరిచారు. అందులో వాయిదా తేదీలు ఎర్ర పెన్నుతో రాసి ఉన్నాయి, నెలలో ఏడు తేదీలు. బురద ఎండిన ఆ పుస్తకం అంచులు నాకు ఇంకా గుర్తున్నాయి. వాళ్లిద్దరి మధ్య తేడా ఆ లక్షా పదివేలే.

అందుకే ఎవరు ఏ ప్రశ్న అడిగినా నేను ముందు ఇదే అడుగుతాను, విసుగు అనుకోకండి. ఆరు నెలల ఖర్చు, అంటే మీకు 2,04,000 రూపాయలు, ఎప్పుడంటే అప్పుడు చేతికి వచ్చేలా ఉండాలి. షేర్లలో ఉన్నది లెక్కలోకి రాదు. మీ భార్య మెడలో ఉన్నదీ రాదు. కార్డు మీద మిగిలిన పరిమితిని అత్యవసర నిధి అనుకునేవాళ్లు ఉన్నారు, అది పక్కవాడి డబ్బు.

మంచి సంగతి ఏమిటంటే ఆ నిధికి విత్తనం మీ దగ్గరే ఉంది, మీరు గమనించలేదు. చీటీ. చివరి నెల దాకా ఆగితే కమిషన్ పోను 95,000 వస్తుందని మీరు కూర్చున్నారు. పోయిన నెల పాట కమిషన్‌తో కలిపి 8,000 తగ్గింపుతో పోయిందని రాశారు, అంటే పాడినవారికి 92,000 వచ్చింది. ఆ 3,000 ఎక్కువ కోసం మీరు ఆగే నాలుగు నెలల్లో కార్డుకు కట్టే వడ్డీ ఎంత? మీ స్టేట్‌మెంటులో నెలకు 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. ఇప్పటి బాకీ మీద నెలకు దాదాపు 1,150 రూపాయలు. నాలుగు నెలలకు 4,000 దాటుతుంది. మీరు కడుతున్న 2,000 లో సగానికి పైగా అలా ఆవిరైపోతోంది.

కాబట్టి వచ్చే నెల పాటకు వెళ్లి చీటీ పాడండి. తగ్గింపు 9,000 దాటితే మాత్రం ఆగి, తర్వాతి నెల చూడండి. వచ్చిన డబ్బులో 28,000 కార్డుకు అదే రోజు కట్టేయండి. మిగిలిన దాదాపు 64,000 ను ముట్టుకోకండి. ఎస్‌ఐపీని ఐదు నెలలు నిలిపివేయండి, రద్దు చేయనక్కర్లేదు. ఆ 5,000, కార్డుకు పోయే 2,000 కలిపి నెలకు 7,000 నిధికి వెళ్లాలి. ఐదో నెలకు చీటీ వాయిదా కూడా తీరిపోతుంది కాబట్టి ఆ నెల 12,000 పడతాయి, మూడు నెలల ఖర్చు సమకూరుతుంది. అప్పుడు ఎస్‌ఐపీ మళ్లీ మొదలుపెట్టి, నెలకు 7,000 చొప్పున వేస్తూ పోతే ఇంకో పద్నాలుగు, పదిహేను నెలల్లో మిగతాది నిండుతుంది.

ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచకండి, కరిగిపోతుంది. వేరే ఖాతా తెరిచి, దానికి యూపీఐ కలపకుండా, కొంత పొదుపుగా, మిగతాది అవసరమైనప్పుడు దానంతటదే విడిపోయే స్వీప్ డిపాజిట్‌గా పెట్టండి. ఖాతా మీ దంపతులిద్దరి పేరా, ఎవరో ఒకరు తీసుకునే వీలుతో ఉండాలి. రోడ్డు మీద పడి ఆసుపత్రిలో ఉన్నది మీరే అయితే మీ సంతకం కోసం ఆవిడ ఎదురుచూడకూడదు. ఒక ఐదారు వేలు నోట్ల రూపంలో ఇంట్లో ఉంచండి. వరద రోజుల్లో కరెంటు లేక, ఫోన్లు చచ్చిపోయి, చేతిలో నోటు ఉన్నవాళ్లకే పాలు దొరికాయి.

ప్రమాద బీమా గురించి ఒక మాట. స్కూటర్ యజమానికి చట్టప్రకారం 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. సైకిలుకు ఏ బీమా అక్కర్లేదు కాబట్టి, అదే రోడ్డు మీద అవే లారీల పక్కన వెళ్లే మీకు ఏమీ లేదు. ఈ వారమే బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారం ఇవ్వండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు. అది చాలదు. విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి, మంచం పట్టినన్ని వారాలూ వారానికి ఇంత అని ఇచ్చే రకం. సైకిల్ పందేల్లో పాల్గొంటే వర్తించదన్న షరతు ఉందేమో చదవండి. కంపెనీ ఆరోగ్య బీమాలో అమ్మగారి పేరు ఉందో లేదో కూడా రేపే అడగండి, మీరు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

బంగారం మీద అప్పు యాప్ కన్నా చవకే, ఈ అవసరానికి అదీ వద్దు. కార్డు మీద వాయిదాలుగా మార్చుకోవడం కూడా అంతే.

చీటీ పాడాక మిగిలిన నాలుగు వాయిదాలకు చీటీ కంపెనీ హామీదారును అడుగుతుంది. జీతం పత్రాలు, సంతకాలు పూర్తయ్యేసరికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. హామీ ఉండే బంధువుతో ఈ ఆదివారమే మాట్లాడండి. సైకిలు మాత్రం కొత్త టైరు పడేదాకా గోడకు ఆనించే ఉంచండి.