డయాలిసిస్ చేయించుకుంటున్నాను, రాత్రిళ్లు కాళ్లు నిద్రపోనివ్వడం లేదు

ప్రశ్న: నా వయసు 48. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి పల్లె. కిడ్నీలు పాడై చాలాకాలంగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నాను. పగలు ఎలాగో గడిచిపోతుంది గానీ, రాత్రి మంచమెక్కగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, నరాలు గుంజుతున్నట్టు ఉంటుంది. లేచి వాకిట్లో నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. పైగా ఒళ్లంతా దురద. దురదకు ఎవిల్, నిద్రకు అల్ప్రాజోలం మందుల షాపులో తెచ్చుకుని నెలల తరబడి వేసుకుంటున్నాను. పడుకోబోయే ముందు పాలు, అరటిపండు తీసుకోమని ఒకరు, మెగ్నీషియం మాత్రలు వాడమని ఇంకొకరు చెబుతున్నారు. ఈ జబ్బు ఉన్నన్నాళ్లూ నా నిద్ర ఇంతేనా డాక్టరు గారూ?
– ఒక సోదరి

జవాబు: ఇంతే అనుకోనక్కరలేదమ్మా. కదలకుండా ఉన్నప్పుడు మొదలై, నడిస్తే తగ్గి, రాత్రయ్యేసరికి ముదిరే ఈ బాధను రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ 1945లో దీన్ని వివరంగా వర్ణించి ఆ పేరు పెట్టారు. డయాలిసిస్ చేయించుకునేవారిలో సుమారుగా నలుగురిలో ఒకరికి ఇది ఉంటుంది. అయినా బరువు, బీపీ అడిగినట్టు నిద్ర సంగతి డయాలిసిస్ గదిలో ఎవరూ అడగరు, రోగులూ జబ్బులో ఇదీ ఒక భాగమేనని సరిపెట్టుకుంటారు. మీ నిద్రను చెడగొడుతున్నది ముఖ్యంగా కాళ్లూ, దురదా కాబట్టి వైద్యం వాటికి జరగాలి, నిద్రమాత్రతో మొదలు పెట్టడం సరికాదు.

మెదడులో ఐరన్ తగ్గడానికీ ఈ జబ్బుకూ దగ్గరి సంబంధం ఉంది. డయాలిసిస్ జరిగిన ప్రతిసారీ గొట్టాలలో, ఫిల్టరులో కొంత రక్తం మిగిలిపోతుంది, తిన్న ఆహారం నుంచి ఐరన్ ఒంటికి పట్టడమూ కిడ్నీ జబ్బులో తగ్గుతుంది. హిమోగ్లోబిన్ బాగుందన్నంత మాత్రాన ఐరన్ చాలినంత ఉందని చెప్పలేం. అందుకే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అనే రెండు పరీక్షలు చేయించమని మీ డాక్టరును అడగండి. ఫెరిటిన్ 200 కంటే, సాచురేషన్ 20 శాతం కంటే తక్కువగా ఉంటే డయాలిసిస్ జరుగుతుండగానే ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్లు ఇస్తారు.

ఇక మీరు వాడుతున్న ఎవిల్ విషయం. మత్తు కలిగించే ఇలాంటి అలర్జీ మందులు కాళ్ల గుంజుడును పెంచుతాయి. దురద తగ్గుతుందని, నిద్ర పడుతుందని మీరు వేసుకుంటున్న మాత్రే మిమ్మల్ని వాకిట్లో నడిపిస్తూ ఉండవచ్చు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మందులు కూడా అంతే. మీ మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించండి. దురద తగ్గాలంటే రక్తంలో ఫాస్ఫరస్ అదుపులో ఉండాలి. అందుకు ఇచ్చిన మాత్రలను భోజనంతో పాటే వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. నాలుగు గంటల డయాలిసిస్‌ను బస్సు వేళ కోసం మూడు గంటలకే ఆపించుకోవడమూ మంచిది కాదు.

దురదకూ కాళ్లకూ రెండింటికీ పనిచేసే మందు గాబాపెంటిన్. ఇది మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది కనుక ఇతరులకు రాసే మోతాదు మీకు పనికిరాదు, సాధారణంగా డయాలిసిస్ పూర్తయ్యాక 100 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మాట తడబడినా, నడకలో తూలినా, చేతులు ఉలిక్కిపడినట్టు కదిలినా మందు ఒంట్లో పేరుకుంటోందని గుర్తించి వెంటనే చెప్పాలి.

పాలు, అరటిపండు సలహా మూత్రపిండాలు బాగున్నవారికి చెప్పదగినది. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, పాలలో పొటాషియంతో పాటు ఫాస్ఫరస్ కూడా ఎక్కువే. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మీ ఉద్దానంలో ఇంటింటా దొరికే కొబ్బరినీళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. మెగ్నీషియం మాత్రలు అసలే వద్దు, బయటకు పోయే దారి లేక అది రక్తంలో పేరుకుపోతుంది. కాళ్ల నొప్పులని డైక్లోఫెనాక్ కూడా కొని వేసుకోవద్దు.

డయాలిసిస్ కుర్చీలో నాలుగు గంటలూ నిద్రపోతే రాత్రి వాటా అక్కడే ఖర్చవుతుంది. అరగంట కునుకు చాలు, మిగతా సమయంలో ఎవరితోనైనా కబుర్లు చెప్పండి. పడుకునే ముందు పిక్కలను సాగదీయడం, గోరువెచ్చని నీటితో కాళ్లు కడుక్కోవడం కొందరికి మేలు చేస్తాయి. రాత్రి ఎలా గడిచినా ఉదయం లేచే వేళను మాత్రం మార్చకండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందేమో ఇంట్లోవాళ్లను అడగండి, దానికి పరీక్ష వేరే ఉంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తే మాత్రం అది నిద్రలేమి కాదు, ఒంట్లో నీరు చేరిందని అనుమానించాలి. మరుసటి డయాలిసిస్ దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అల్ప్రాజోలంను ఈ జవాబు చదివిన రాత్రే మానేయకండి. నెలల తరబడి వాడిన తర్వాత ఒక్కసారిగా ఆపితే వణుకు, విపరీతమైన ఆందోళన, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. కాళ్లకు వైద్యం మొదలయ్యాక, మీ డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొన్ని వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించుకోండి.