బార్బడోస్‌లో పిల్లల బడి ఎంపిక: మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అల్లుడికి కరీబియన్ దీవి బార్బడోస్‌లోని వైద్య కళాశాలలో బోధన ఉద్యోగం ఖాయమైందనీ, ఆగస్టు చివరికల్లా నలుగురూ అక్కడికి చేరాలనుకుంటున్నారనీ, ఇల్లు దొరకడం కన్నా పిల్లల బడి సంగతే ఎక్కువ దిగులుగా ఉందనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఆ దీవిలో ఉద్యోగం చేసి ఇద్దరు పిల్లలను అక్కడే చదివించినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను. మీరు పంపిన బడుల జాబితాను చూశాను గానీ, దాని గురించి మాట్లాడే ముందు మీరిద్దరూ కూర్చుని రెండు విషయాలు తేల్చుకోవాలి. ఆ దీవిలో ఎన్నేళ్లు ఉంటారు? అక్కడి నుంచి పిల్లలు ఏ దేశానికి, ఏ తరగతికి వెళతారు? ఇవి తేలకుండా బడి ఎంచుకుంటే ఆ బడి ఎంత మంచిదైనా మీకు ఉపయోగపడకపోవచ్చు.

వైద్య కళాశాలల ఉద్యోగాలు సాధారణంగా కొన్నేళ్ల ఒప్పందాల మీద నడుస్తాయి. కళాశాలలు కూడా ఎప్పుడూ ఒకేచోట ఉంటాయన్న హామీ లేదు. డొమినికా దీవిలో దశాబ్దాల పాటు నడిచిన రాస్ వైద్య విశ్వవిద్యాలయం 2017 సెప్టెంబరులో మరియా తుఫాను తరువాత అక్కడ కొనసాగలేకపోయింది. కొంతకాలం ఓడలో, ఆ తరువాత అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో తరగతులు జరిపి, 2019 జనవరిలో బార్బడోస్‌కు తరలివచ్చింది. అధ్యాపకుల పిల్లల చదువులు కూడా ఆ వెంటే కదలవలసి వచ్చిందని వేరే చెప్పక్కరలేదు. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. మీ పిల్లల చదువు మరోచోట అతుక్కునేలా ఉండాలన్నదే నా మాట.

హైదరాబాదులో ప్రైవేటు బడి అంటే మెరుగైనదనే అభిప్రాయం మనలో పాతుకుపోయింది. బార్బడోస్‌లో ఆ లెక్క పనిచేయదు. అక్కడి తల్లిదండ్రులు తమ పిల్లలకు సీటు రావాలని ఆశపడే హారిసన్ కాలేజీ, క్వీన్స్ కాలేజీ, కూంబర్‌మియర్ వంటివన్నీ ప్రభుత్వ బడులే. హారిసన్ 1733 నాటిది, కూంబర్‌మియర్ అంతకన్నా పాతది. క్రికెట్ చరిత్రలో మీరు విని ఉండే ఫ్రాంక్ వారెల్ కూంబర్‌మియర్‌లో చదివినవాడే. పదకొండేళ్ల వయసులో రాసే కామన్ ఎంట్రన్స్ అనే పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి ఈ బడుల్లో సీట్లు కేటాయిస్తారు. ప్రైవేటు బడులు చాలావరకు చిన్నవి. విదేశీ కుటుంబాల పిల్లలు, కేటాయించిన ప్రభుత్వ బడి నచ్చనివారు, చిన్న తరగతి గది కావాలనుకునేవారు వాటిలో చేరతారు. అందుచేత ఫీజు ఎక్కువ కాబట్టి చదువు మెరుగ్గా ఉంటుందన్న ఊహతో ఏ బడి గుమ్మమూ ఎక్కవద్దు.

తరగతుల పేర్లు మిమ్మల్ని తికమక పెడతాయి. అక్కడ రిసెప్షన్, ఇన్‌ఫాంట్స్ అనే చిన్నపిల్లల తరగతులు దాటిన తరువాతే క్లాస్ 1 వస్తుంది కాబట్టి వారి క్లాస్ 1 దాదాపు మన రెండో తరగతి, క్లాస్ 4 మన ఐదో తరగతి. ఆ తరువాత ఫారం 1 నుంచి ఫారం 5 వరకు మన ఆరు నుంచి పది. నాలుగో తరగతి పూర్తిచేసిన అబ్బాయిని క్లాస్ 4లో వేస్తామంటే ఏడాది వెనక్కి నెట్టారని గొడవపడకండి. వాడు చేరవలసిన చోటు అదే. చదువుల సంవత్సరం సెప్టెంబరులో మొదలై మైకెల్‌మస్, హిలరీ, ట్రినిటీ అనే మూడు విడతలుగా సాగి జూలై మొదట్లో ముగుస్తుంది. జనవరిలో చేరడం అంటే ఏడాదిలో మూడో వంతు పాఠాలు పోయినట్టే. వీసా ఆలస్యమైతే అల్లుడు ముందుగా ఒక్కడే వెళ్లడం మేలా, అందరూ కలిసి వెళ్లడం మేలా అన్నది ఈ లెక్కతో ఆలోచించండి.

అబ్బాయి విషయంలో ఒక ఇబ్బంది ఉంది. క్లాస్ 4 అంటే కామన్ ఎంట్రన్స్ రాసే ఏడాది. చాలా బడుల్లో ఆ ఏడాది పొడవునా ఇంగ్లీషు, గణితాల పాత ప్రశ్నపత్రాలు వల్లె వేయిస్తారు. పరీక్ష మే నెలలో జరుగుతుంది. మీరు మూడు నాలుగేళ్లలో తిరిగి వచ్చేవారైతే వాణ్ని ఆ పోటీలో దించనవసరం లేదు. ప్రాథమిక తరగతులూ ఫారాలూ ఒకే ఆవరణలో ఉన్న బడిలో చేర్చి, అదే బడిలో ఫారం 1కు పోయే ఏర్పాటు ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఎంట్రన్స్ రాయని పిల్లలను ఆ తరగతి గదిలో ఏం చేస్తారని కూడా అడగండి. మిగతావారు పాత ప్రశ్నపత్రాలే మళ్లీ మళ్లీ చేస్తుంటే, ఎంట్రన్స్ రాయని పిల్లవాణ్ని వెనక బెంచీలో బొమ్మలు వేసుకోమన్న బడి ఒకటి నాకు తెలుసు.

అమ్మాయి విషయంలో నేను ఎక్కువసేపు ఆలోచించాను. ఎనిమిదో తరగతి పూర్తయింది కాబట్టి ఆమె ఫారం 4లో చేరుతుంది. కరీబియన్ పరీక్షల మండలి ఫారం 5 చివర నిర్వహించే సీసెక్ పరీక్షకు రెండేళ్ల పాఠ్యక్రమం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఆ మండలి ప్రధాన కార్యాలయం బార్బడోస్‌లోనే ఉంది. గ్రెనడా, ఆంటిగ్వా, సెయింట్ కిట్స్ వంటి దీవుల్లోనూ ఇదే పరీక్ష. అందువల్ల అల్లుడు ఒక దీవి నుంచి మరో దీవికి మారినా చదువు తెగదు. అయితే ఈ పరీక్షలో చివరి రాతపరీక్షతో పాటు, బడిలోనే చేసి సమర్పించే ఎస్బీఏ అనే పనికి కూడా మార్కులుంటాయి. ప్రయోగాల పుస్తకం, చిన్న పరిశోధన వంటివి రెండేళ్ల పొడవునా పోగుపడుతాయి. ఫారం 4 మొదటి రోజు నుంచి ఉన్న పిల్లకు ఇది భారం కాదు. మధ్యలో చేరినవారికి ఊపిరాడదు. సెప్టెంబరులో చేరడం కుదరకపోతే ఆమెను ఫారం 3లో వేసి ఏడాది ఆగమనడమే మంచిదని నా అభిప్రాయం.

ఫారం 4లో చేరే ముందు సబ్జెక్టులు ఎంచుకోవాలి. డాక్టరు కావాలని అమ్మాయి అంటోందని రాశావు. అలాగైతే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ విడివిడిగా బోధించే బడి కావాలి. ఫారంలో పాతికమంది కూడా లేని ప్రైవేటు బడుల్లో కొన్నిచోట్ల మూడింటికీ అధ్యాపకులు ఉండరు. అన్నీ కలిపిన ఇంటిగ్రేటెడ్ సైన్స్ ఒక్కటే పెడతారు, లేదా భౌతికశాస్త్రానికి సరిపడా పిల్లలు లేరని ఆ ఏడాదికి ఎత్తివేస్తారు. సమాచార పుస్తికలో ఉన్న సబ్జెక్టుల పట్టికను నమ్మవద్దు. ఈ సెప్టెంబరులో ఫారం 4కు ఏయే సబ్జెక్టులు నిజంగా నడుస్తున్నాయి, ఎవరు చెబుతున్నారు, వారు ఎన్నేళ్లుగా ఆ బడిలో ఉన్నారు అని అడగండి. ఫలితాలు అడిగేటప్పుడు శాతంతో సరిపెట్టుకోవద్దు. రసాయనశాస్త్రంలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అంటే ముగ్గురు రాసి ముగ్గురూ గట్టెక్కారని అర్థం కావచ్చు. ఎంతమంది రాశారో, ఎవరికి ఒకటో గ్రేడు వచ్చిందో తెలిస్తేనే విషయం బోధపడుతుంది.

ప్రైవేటు బడులు చాలావరకు ఫారం 5తో ఆగిపోతాయి. ఆ పైన మన ఇంటర్ లాంటి కేప్ అనే రెండేళ్ల చదువుకు పెద్ద ప్రభుత్వ బడులకో, బార్బడోస్ కమ్యూనిటీ కాలేజీకో వెళ్లాలి. అక్కడ విదేశీయుల పిల్లలకు ఏ నియమాలు వర్తిస్తాయో, ఫీజు ఎంతో ఇప్పుడే విద్యాశాఖను అడిగి పెట్టుకోండి. సెయింట్ జాన్ పారిష్‌లోని (పారిష్ అంటే అక్కడి జిల్లా లాంటిది) కాడ్రింగ్టన్ స్కూల్ ఈ వరసకు చెందదు. అది చిన్న తరగతుల నుంచి ఇంటర్ స్థాయి డిప్లొమా దాకా ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ పద్ధతిలో నడుస్తుంది. అల్లుడు తరువాత అమెరికాకో, దుబాయ్‌కో వెళ్లే అవకాశం ఉంటే చదువు సులభంగా కలుస్తుంది. కానీ ఐబీ డిప్లొమాలో మామూలుగా రెండు శాస్త్రాలే తీసుకోవడానికి వీలుంది. నీట్‌కు కావలసిన మూడూ తీసుకోవాలంటే బడి ముందుగా ఐబీ సంస్థ నుంచి ప్రత్యేక అనుమతి తెప్పించాలి. ఆ పని గతంలో చేశారా అని ప్రిన్సిపాల్‌ను సూటిగా అడుగు, అమ్మా. జవాబు తడబడితే అర్థం చేసుకో.

ఇక్కడే మన రాష్ట్రం సంగతి కూడా చెప్పాలి. తెలంగాణలో రాష్ట్ర కోటా ఎంబీబీఎస్ సీటుకు స్థానికత కావాలంటే, అర్హత పరీక్షతో (అంటే ఇంటర్‌తో) ముగిసే వరుస నాలుగేళ్ల చదువు రాష్ట్రంలోనే సాగి ఉండాలన్నది ప్రధాన నిబంధన. ప్రభుత్వం 2024లో దీన్ని బిగించింది, 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. తొమ్మిదో తరగతి బయట చదివిన మరుక్షణం అమ్మాయికి ఆ దారి ఇరుకవుతుంది. సీసెక్ ముగించుకుని ఇంటర్‌కు హైదరాబాదు వద్దామన్నా, ఫలితాలు ఆగస్టులో గాని రావు. ఇక్కడ జూనియర్ కాలేజీలు జూన్‌లోనే మొదలవుతాయి, పైగా ఇంటర్ బోర్డు నుంచి అర్హతా పత్రం తీసుకోవాలి. ఈ సంగతులన్నీ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పండి. ఆమెకు పదమూడేళ్లు నిండాయి, తన చదువు గురించి జరిగే మాటల్లో ఆమె లేకపోవడం న్యాయం కాదు. తెలుగు మాట కూడా మరవకండి. తెలంగాణ 2018లో చేసిన చట్టం అన్ని రకాల బోర్డుల బడులకూ తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. అక్కడి బడుల్లో మీ అబ్బాయి నేర్చేది స్పానిషో, ఫ్రెంచో. వాడు తిరిగి వచ్చేసరికి గుణింతాలు మరిచిపోకుండా ఇంట్లో మీరే చూడాలి.

ఫీజుల సంగతి కొద్ది మాటల్లో చెబుతాను. ఒక అమెరికన్ డాలరుకు రెండు బార్బడోస్ డాలర్లు. ఈ మారకం 1975 నుంచి మారలేదు. ఎవరైనా ఉత్త డాలర్లు అని చెబితే ఏ డాలర్లని అడగండి, సగానికి సగం తేడా వస్తుంది. విడతకు కట్టే ఫీజు కాక రిజిస్ట్రేషన్, తిరిగిరాని డిపాజిట్, పుస్తకాలు, యూనిఫారాలు, ఒక్కో సబ్జెక్టుకు పరీక్ష ఫీజు వేరుగా ఉంటాయి. కళాశాల యాజమాన్యం పిల్లల చదువుకు భత్యం ఇస్తామని నోటిమాటగా అన్నట్టయితే, ఎంతమంది పిల్లలకు, ఎంత వరకు, ఏ కరెన్సీలో, ఒప్పందం మధ్యలో ముగిస్తే ఏమవుతుంది అన్నవన్నీ నియామక పత్రంలోకి ఎక్కించాకే అల్లుడు సంతకం చేయాలి. సంతకం తరువాత ఈ మాట ఎత్తితే ఎవరూ వినరు.

బడి తేలాకే ఇల్లు చూడండి. పటంలో దీవి చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఉదయం ఏడున్నర ప్రాంతంలో ఏబీసీ అనే ప్రధాన రహదారి మీద బారులు తీరిన కార్లలో చిక్కుకుంటే ఆ చిన్నతనం ఎక్కడికి పోతుందో తెలియదు. దక్షిణాన క్రైస్ట్ చర్చ్ పారిష్‌లో ఇల్లు తీసుకుని, తూర్పున సెయింట్ జాన్‌లో బడి పెట్టుకుంటే రోజూ ఎవరు దింపుతారు, మూడు గంటలకు ఎవరు తెస్తారు? చాలా ప్రైవేటు బడులకు సొంత బస్సులు ఉండవు. నీలం రంగు ప్రభుత్వ బస్సులు ఫరవాలేదు. జెడ్‌ఆర్ అని పిలిచే తెల్ల వ్యాన్లలో మాత్రం పాటల మోతకూ వేగానికీ అలవాటుపడేదాకా పిల్లలను ఒంటరిగా ఎక్కించవద్దు.

బడి చూడటానికి ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన రోజున కాకుండా మామూలు రోజున వెళ్లండి. మధ్యాహ్న భోజన సమయంలో ఆవరణలో కాసేపు నిలబడితే పిల్లలు ఒకరితో ఒకరు ఎలా ఉంటున్నారో తెలుస్తుంది. అక్కడి చట్టం బడుల్లో బెత్తాన్ని చాలాకాలం అనుమతించింది కాబట్టి, ఈ బడి పద్ధతి ఏమిటని మొహమాటపడకుండా అడగండి. జుట్టు, చెవిపోగులు, ముక్కుపుడక విషయంలో నియమాలు కచ్చితంగా ఉంటాయి. బొట్టు గురించి ముందే మాట్లాడుకుంటే అమ్మాయికి తొలిరోజు ఇబ్బంది ఉండదు. ఉదయం ప్రార్థన క్రైస్తవ పద్ధతిలో జరుగుతుంది; మా పిల్లలు కీర్తనలు చక్కగా నేర్చుకున్నారు, దానితో వారికి ఏ లోటూ రాలేదు. మీరు శాకాహారులు కాబట్టి క్యారేజీ తప్పదు. అబ్బాయి ఆటస్థలంలో బేజన్ అనే అక్కడి యాసలో మాట్లాడటం మొదలుపెడితే సంతోషించండి, వాడికి స్నేహితులు దొరికారన్నమాట. వాడి బ్యాటును సామానులో మరవవద్దు.

జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం. 2021 జూలైలో ఎల్సా వచ్చినప్పుడు ఆ దీవిని హరికేన్ స్థాయి తుఫాను తాకి అరవై ఏళ్లు దాటిందన్నారు. ఆ ఏప్రిల్‌లోనే పక్క దీవి సెయింట్ విన్సెంట్‌లో సూఫ్రియేర్ అగ్నిపర్వతం పేలి బూడిద బార్బడోస్ మీద కురిసింది. బడి మూతపడిన రోజుల్లో పాఠాలు ఎలా సాగిస్తారో, భవనానికి షట్టర్లు, నీటి ట్యాంకు ఉన్నాయో లేవో చూడండి.

కాగితాల విషయం ఆలస్యం చేయవద్దు. రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, బదిలీ పత్రం, టీకాల కార్డు, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు వేసే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర) వేయించిన జన్మ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి. విదేశీ పిల్లలు బడిలో చేరడానికి ఇమ్మిగ్రేషన్ శాఖ అనుమతి కావాలి; అందుకు బడి ఇచ్చే ప్రవేశ పత్రం అడుగుతారు కాబట్టి అది ముందుగా తెప్పించుకోండి. అమ్మాయికి మూడు శాస్త్రాలూ ఉన్నాయని రాతపూర్వకంగా జవాబు ఇచ్చిన బడులను మాత్రమే జాబితాలో మిగిల్చి, ఆ జవాబులను నాకు పంపండి. నేను చదివి చెప్పేదాకా డిపాజిట్ కట్టవద్దు.

ఇట్లు,
మీ మామయ్య