వెన్నుపాము దెబ్బకి కరెంటు పెట్టిస్తే నడక వస్తుందా? మా తమ్ముడి అనుభవం

మీ మామయ్య బండి మీంచి పడి ఆరు నెలలైందని, నడుము కింద కదలిక లేదని, కరెంటు చికిత్సతో నడుస్తారా అని అడిగారు. నడిపించేది కరెంటు కాదండీ, రోజూ చేసే సాధన. కరెంటు దానికి తోడు.

నాలుగేళ్ల క్రితం మదనపల్లె దగ్గర తోటలో మా తమ్ముడు మామిడి చెట్టు మీంచి పడ్డాడు. వీపు మధ్యలో వెన్నుపాము నలిగింది, పూర్తిగా తెగలేదు. నేను బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటాను కాబట్టి ఇక్కడికే తెచ్చుకున్నాం. ఐదో నెలకి తొడల్లో కొంచెం బలం వచ్చింది గానీ కుడి పాదం వేలాడుతూనే ఉండేది.

ఒకరోజు ఫిజియో రెండు జెల్ ప్యాడ్లు తెచ్చింది. ఒకటి మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే ఎముక గుబ్బ వెనక, ఇంకోటి కాలి ముందు వైపు అతికించింది. నాబ్ మెల్లగా తిప్పుతుంటే ముందు వేళ్లు అదిరాయి, తర్వాత పాదం మొత్తం పైకి లేచింది. "లేస్తాండాది! పెద్దోడా, లేస్తాండాది చూడ్రా!" అని అమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఫిజియో స్విచ్ ఆపగానే పాదం మళ్లీ వాలిపోయింది. అమ్మ ముఖం నేను చూడలేకపోయాను. పాదాన్ని లేపింది తమ్ముడు కాదు, కరెంటు అని ఆమెకు ముందే చెప్పాల్సింది.

వెన్నుపాము నుంచి కండకి వెళ్లే నరం బతికి ఉంటేనే ఇది పనిచేస్తుంది. నడుము దగ్గర ఆ నరాల వేర్లే దెబ్బతింటే ప్యాడ్లు పెట్టినా కండ లేవదు. తమ్ముడికి నరం బాగుంది. మడమ లేవగానే ప్యాడ్లకి కరెంటు పంపే స్విచ్ షూలో పెట్టి, కడ్డీల మధ్య వారానికి నాలుగు రోజులు నడిపించారు. ఎనిమిది నెలలకి వాకర్‌తో మంచం నుంచి వంటింటి దాకా వచ్చాడు. ఇప్పటికీ బయటికి వీల్‌చెయిరే. అయినా మన ఫుట్‌పాత్‌ల మీద కాళ్లు బాగున్నవాళ్లకే నడక కష్టం, వీల్‌చెయిర్ ఎక్కడ తిరుగుతుంది?

వెన్నుపాము మీదే ఎలక్ట్రోడ్లు అమర్చే ఆపరేషన్ వీడియోలు మా బావ రోజూ పంపేవాడు. అవి అబద్ధం కాదు. అమెరికాలో లూయీవిల్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రకటించిన ఫలితాల్లో నలుగురిలో ఇద్దరు నేల మీద అడుగులు వేశారు. అదీ నెలల తరబడి శిక్షణ తర్వాత. ఇంకొకరికి శిక్షణలోనే తుంటి ఎముక విరిగింది. వాడకంలేని కాళ్లలో ఎముకలు గుల్లబారతాయి, అందుకే ముందు ఎముకల సాంద్రత చూసే స్కాన్ తీయించండి. ఇక్కడ ఒక క్లినిక్ వాళ్లు అవే వీడియోలు చూపించి, మామూలు ప్యాడ్లకే లక్షల ప్యాకేజీ చెప్పారు. ఇప్పటికీ తలచుకుంటే కోపం వస్తుంది.

నిజానికి తమ్ముడు మొదట అడిగింది నడక కాదు. "అన్నా, బాత్రూమ్‌కి నేనొక్కడే పోవాల" అన్నాడు. మా అద్దింటి బాత్రూమ్ తలుపు 24 అంగుళాలు, చెయిర్ 25. ఓనర్ తలుపు మార్చనివ్వలేదు, ఇల్లే మారాం. ఆ ఒక్క మార్పుతో తమ్ముడి ముఖంలో వచ్చిన తేడా ఏ మిషనూ తేలేదు.

మీ మామయ్యకు స్పర్శ లేకపోతే ప్యాడ్ కింద చర్మం కాలినా తెలియదు, తీసిన ప్రతిసారీ చూడండి. దెబ్బ ఛాతీ ఆరో పూస దగ్గరో పైనో అయితే బీపీ ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది, బీపీ చూస్తూనే చేయించాలి. డిశ్చార్జి కాగితంలో 'ఏషియా' గ్రేడు అని, దెబ్బ ఎంత తీవ్రమో చెప్పే ఎ నుంచి ఇ లోపు ఒక అక్షరం ఉంటుంది. అదేమిటో, ఏ పూస దగ్గర దెబ్బో ఇక్కడే రాయండి, ఫిజియోని ఏం అడగాలో చెప్తాను.